సర్వర్ కోడ్ మధ్యలో "సేవ్ చేయాలా, వద్దా?" అని అడగడం ఎలా? వెబ్ ఫార్మ్స్‌లో కన్ఫర్మేషన్ డైలాగ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫార్మ్స్‌లో (మైక్రోసాఫ్ట్ పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఇన్వాయిస్ పేజీ ఉంది. సేవ్ నొక్కగానే సర్వర్‌లో కస్టమర్ పాత బాకీ చూడాలి. క్రెడిట్ లిమిట్ దాటుతుంటేనే "లిమిట్ దాటుతోంది, అయినా సేవ్ చేయాలా?" అని అడగాలి. అవునంటే అదే మెథడ్‌లో కింది లైన్ నుంచి పని సాగాలి. మెసేజ్‌బాక్స్ పెడితే మీ మెషీన్‌లో పనిచేసింది, సర్వర్‌కి ఎక్కించాక ఎర్రర్ వస్తోంది.

సూటిగా చెప్తాను. సర్వర్ మెథడ్ మధ్యలో ఆగి, యూజర్ జవాబు విని, కింది లైన్‌కి వెళ్ళడం వెబ్ ఫార్మ్స్‌లో కుదరదు. మెథడ్‌ను రెండుగా కోయాలి. మొదటి రిక్వెస్ట్ బాకీ చూసి, డైలాగ్ పంపి, అక్కడితో రిటర్న్ అయిపోతుంది. డైలాగ్‌లోని "సేవ్ చెయ్" బటన్ రెండో రిక్వెస్ట్ పంపుతుంది. అసలు సేవ్ జరిగేది అందులో. కోయడం తేలికే, పది నిమిషాల పని. చిక్కులన్నీ ఆ రెండు రిక్వెస్టుల మధ్య సందులో ఉంటాయి, కాబట్టి ఎక్కువగా వాటి గురించే రాస్తాను. కోడ్‌లోని పేర్లను కూడా తెలుగులోనే రాస్తున్నాను, ఇంటెలిసెన్స్‌లో (విజువల్ స్టూడియోలో పేర్లు సూచించే సదుపాయం) మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే అసలు స్పెల్లింగ్ వచ్చేస్తుంది.

ముందు మెసేజ్‌బాక్స్ సంగతి. అది విండోస్ ఫార్మ్స్ (డెస్క్‌టాప్ ప్రోగ్రాముల) సరుకు. కోడ్ ఏ మెషీన్‌లో నడుస్తోందో ఆ మెషీన్ తెర మీద లేస్తుంది, బ్రౌజర్ ఉన్న చోట కాదు. విజువల్ స్టూడియోలో ఎఫ్5 కొట్టినప్పుడు ఐఐఎస్ ఎక్స్‌ప్రెస్ (డెవలపర్ మెషీన్‌లో నడిచే చిన్న వెబ్ సర్వర్) మీ లాగిన్ కిందే నడుస్తుంది. అప్పుడు సర్వర్ తెర, బ్రౌజర్ తెర రెండూ ఒకటే కాబట్టి పనిచేసినట్టు కనిపించింది. అసలు ఐఐఎస్‌లో మీ కోడ్‌ను నడిపే వర్కర్ ప్రాసెస్, విండోస్ సర్వీసులు నడిచే సెషన్ 0లో ఉంటుంది. విస్టా, సర్వర్ 2008 నుంచి ఆ సెషన్‌కీ, లాగిన్ అయినవాళ్ళ డెస్క్‌టాప్‌కీ సంబంధం తెంచేశారు. అక్కడ డైలాగ్ చూపించబోతే యూజర్ ఇంటరాక్టివ్ మోడ్‌లో లేదంటూ ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఆ ఎర్రర్ మెసేజే, "సర్వీస్ నోటిఫికేషన్ గానీ, డీఫాల్ట్ డెస్క్‌టాప్ ఓన్లీ గానీ పెట్టు" అని ఒక సలహా కూడా ఇస్తుంది. దయచేసి వినకండి. ఎక్సెప్షన్ పోతుంది గానీ, బాక్స్ ఎవరూ చూడని చోట లేచి కూర్చుంటుంది. ఓకే నొక్కే దిక్కుండదు. రిక్వెస్ట్ త్రెడ్ వేలాడుతూ ఉంటుంది. పదిమంది సేవ్ నొక్కితే పది త్రెడ్లు.

"పోనీ, మొదటి రిక్వెస్ట్‌ను మాన్యువల్ రీసెట్ ఈవెంట్‌తో (త్రెడ్‌ను నిలిపి ఉంచే సాధనం) ఆపి, రెండో రిక్వెస్ట్ వచ్చి లేపేదాకా ఉంచితే?" అనే ఆలోచన తెలివైనవాళ్ళకే వస్తుంది, అందుకే ముందే చెప్తున్నాను. మొదటి అడ్డంకి, రెస్పాన్స్ పూర్తికాకుండా బ్రౌజర్‌లో డైలాగ్ లేవదు. దాన్ని విడి అజాక్స్ కాల్‌తో (పేజీ మారకుండా వెనక వెళ్ళే రిక్వెస్ట్) దాటినా, సెషన్ (ఒక్కో యూజర్ కోసం సర్వర్ దాచే డేటా) లాక్ దగ్గర దొరికిపోతారు. సెషన్ వాడే పేజీల్లో ఒకే సెషన్‌కి చెందిన రిక్వెస్టులను ఏఎస్‌పీ డాట్ నెట్ ఒకదాని తర్వాత ఒకటిగానే నడుపుతుంది. రెండోది రావాలని మొదటిది, మొదటిది అయిపోవాలని రెండోది కాచుకుని కూర్చుంటాయి. ఎగ్జిక్యూషన్ టైమవుట్ డీఫాల్ట్ 110 సెకన్లు. డీబగ్ ట్రూ అని ఉంటే ఆ టైమవుట్ కూడా వర్తించదు.

ఇప్పుడు పరిష్కారం. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అడగాలా వద్దా అన్నది పేజీ కనిపించేటప్పటికే తెలుసా, లేక నొక్కాక సర్వర్ చూస్తే గానీ తెలియదా?

ముందే తెలిసిన ప్రశ్న అయితే ("ఈ రికార్డు తొలగించాలా?" లాంటిది) సర్వర్ దాకా వెళ్ళనక్కర్లేదు. బటన్ ఆన్‌క్లయింట్‌క్లిక్‌లో "రిటర్న్ కన్ఫర్మ్" అని ఒక్క లైన్ చాలు. ఫాల్స్ వస్తే పోస్ట్‌బ్యాక్ (పేజీ తిరిగి సర్వర్‌కి వెళ్ళడం) ఆగిపోతుంది. ఏ ట్యుటోరియల్ చూసినా ఇదే ఉంటుంది, ఇది విరిగే చోట్లు మాత్రం ఉండవు.

బటన్‌కి యూజ్ సబ్మిట్ బిహేవియర్ ఫాల్స్ పెట్టి ఉంటే, మీరు రాసిన లైన్ వెనకాలే ఫ్రేమ్‌వర్క్ తన డూ పోస్ట్‌బ్యాక్ కాల్‌ను అతికిస్తుంది. మీ "రిటర్న్" ముందే ఫంక్షన్ నుంచి బయటపడేస్తుంది కాబట్టి ఆ కాల్ దాకా వెళ్ళదు. యూజర్ ఓకే అన్నా ఏమీ జరగదు. విరుగుడు తిరగేసి రాయడమే: "కన్ఫర్మ్ కాకపోతే రిటర్న్ ఫాల్స్". ట్రూ ఎప్పుడూ రిటర్న్ చేయకండి, దారి వదిలేయండి చాలు. లింక్ బటన్‌కి ఈ బాధ లేదు, దాని పోస్ట్‌బ్యాక్ హెచ్‌రెఫ్‌లో ఉంటుంది.

వాలిడేటర్లు (ఫీల్డులు సరిగా నింపారా అని చూసే కంట్రోల్స్) ఉన్న పేజీలో ఇంకో వింత. ముందు "సేవ్ చేయాలా?" అని అడుగుతుంది, యూజర్ ఓకే అన్నాక "తేదీ ఇవ్వలేదు" అంటుంది. వరస తప్పింది. పేజ్ క్లయింట్ వాలిడేట్‌ను గ్రూపు పేరుతో మీరే ముందు పిలిచి, అది ఫాల్స్ అయితే రిటర్న్ ఫాల్స్ అనండి. ఆ తర్వాతే కన్ఫర్మ్.

గ్రిడ్‌వ్యూలో (రికార్డులను టేబుల్‌గా చూపించే కంట్రోల్) కమాండ్ ఫీల్డ్ ఇచ్చే డిలీట్ బటన్‌కి ఆన్‌క్లయింట్‌క్లిక్ పెట్టే చోటే లేదు. టెంప్లేట్ ఫీల్డ్ తీసుకుని, అందులో లింక్ బటన్ పెట్టి, కమాండ్ నేమ్ డిలీట్ అని ఇవ్వండి. రో డిలీటింగ్ ఈవెంట్ మామూలుగానే వస్తుంది.

బ్రౌజర్ కన్ఫర్మ్ వరసగా లేస్తుంటే "ఈ పేజీ నుంచి ఇంకేమీ చూపించొద్దు" అనే టిక్ బాక్స్ కూడా వస్తుంది. ఎవరైనా అది పెట్టేస్తే ఆ తర్వాత కన్ఫర్మ్ ఏమీ చూపించకుండానే ఫాల్స్ ఇస్తుంది. "డిలీట్ బటన్ చచ్చిపోయింది, మిగతావాళ్ళకి బాగానే ఉంది" అనే కంప్లయింట్ వస్తే ముందు ఇది అనుమానించండి. అల్లో మోడల్స్ లేని శాండ్‌బాక్స్ ఐఫ్రేమ్‌లో పేజీ పెట్టినా అంతే.

అన్నిటికంటే ముఖ్యం, కన్ఫర్మ్ అన్నది యూజర్ చెయ్యి జారకుండా పెట్టిన అడ్డుకట్ట మాత్రమే, సెక్యూరిటీ కాదు. డిలీట్‌ను మామూలు గెట్ లింకుగా పెట్టి, దానికి జావాస్క్రిప్ట్ కన్ఫర్మ్ తగిలించి ఊరుకుంటే ఏమవుతుందో 2005లోనే లోకానికి తెలిసింది. గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకులను ముందుగానే తెచ్చిపెట్టుకునేది. కన్ఫర్మ్‌లతో దానికి పనిలేదు, డిలీట్ లింకులను కూడా వరసగా తెరుచుకుంటూ పోయింది. డేటా మార్చే ప్రతి పనీ పోస్ట్ రిక్వెస్ట్‌లోనే ఉండాలి. అనుమతి ఉందా లేదా అన్న తనిఖీ సర్వర్‌లోనే ఉండాలి.

మీ కేసు రెండో రకం. సర్వర్ చూస్తే గానీ తెలియదు. ఇక్కడ అందరూ మొదట చేసే తప్పు ఒకటుంది. సేవ్ క్లిక్‌లో రిజిస్టర్ స్టార్టప్ స్క్రిప్ట్‌తో కన్ఫర్మ్ పంపిస్తారు, అది జవాబును హిడెన్ ఫీల్డ్‌లో పెడుతుంది. కింది లైన్‌లోనే ఆ హిడెన్ ఫీల్డ్‌ను చదువుతారు. అక్కడ ఎప్పుడూ పాత విలువే ఉంటుంది. "రిజిస్టర్" అంటే నడపడం కాదు, రెస్పాన్స్‌లో రాసిపెట్టమని చెప్పడం. స్క్రిప్ట్ నడిచేది మీ మెథడ్ మొత్తం అయిపోయి, హెచ్‌టీఎంఎల్ బ్రౌజర్‌కి చేరాక. రెండోసారి నొక్కినప్పుడు మొదటిసారి జవాబు దొరుకుతుంది కాబట్టి "ఒక్కోసారి పనిచేస్తోంది" అనిపిస్తుంది. అలా అనిపించడమే దీన్ని పట్టుకోనివ్వదు.

సరైన వరస ఇలా ఉంటుంది. ఒక కస్టమర్ లిమిట్ 50,000, పాత బాకీ 43,200, ఇప్పుడు కొడుతున్న బిల్లు 9,500 అనుకుందాం.

1. సేవ్ క్లిక్ హ్యాండ్లర్ వాలిడేషన్ చూసి, మొత్తం బాకీ లెక్కగడుతుంది: 52,700. లిమిట్ లోపలే ఉంటే నేరుగా సేవ్ ఇన్వాయిస్ అనే విడి మెథడ్‌ను పిలుస్తుంది. డైలాగ్ అక్కర్లేదు.

2. లిమిట్ దాటితే లేబుల్‌లో "బాకీ 52,700 అవుతుంది, లిమిట్ కంటే 2,700 ఎక్కువ" అని నింపి, ఆ 52,700ని వ్యూస్టేట్‌లో (పేజీతో పాటు సర్వర్‌కి వెళ్ళొచ్చే డేటా) దాచి, డైలాగ్ తెరిచే స్క్రిప్ట్‌ను రిజిస్టర్ చేసి, రిటర్న్. డేటాబేస్‌లో ఏదీ రాయకూడదు, ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచకూడదు. యూజర్ టీకి వెళ్ళి రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా.

3. డైలాగ్‌లోని "సేవ్ చెయ్" బటన్‌కి తన సొంత సర్వర్ క్లిక్ హ్యాండ్లర్. అది బాకీని మళ్ళీ లెక్కగట్టి, దాచిన 52,700తో పోల్చి, సరిపోతే సేవ్ ఇన్వాయిస్‌ను పిలుస్తుంది.

మూడో అడుగులో "మళ్ళీ లెక్కగట్టి" అన్నది దండగ అనుకోకండి. డైలాగ్ తెర మీద ఉన్న రెండు నిమిషాల్లో పక్క కౌంటర్‌లో అదే కస్టమర్‌కి ఇంకో బిల్లు పడి ఉండొచ్చు. యూజర్ ఒప్పుకున్నది 52,700కి. ఇప్పుడు లెక్క 58,000 వస్తే ఆ "సరే" చెల్లదు. కొత్త అంకెతో మళ్ళీ అడగాలి. ఈ పోలికా, సేవూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంచండి. ఉన్న రికార్డును మార్చడమో తొలగించడమో అయితే ఎస్‌క్యూఎల్ సర్వర్ రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారిన ప్రతిసారీ తనంతట తను మారేది) చక్కగా పనికొస్తుంది. మొదటి రిక్వెస్ట్‌లో చదివిన రోవెర్షన్‌ను దాచి, అప్‌డేట్‌లోని వేర్ క్లాజులో ఐడీతో పాటు పెట్టండి. మారిన రికార్డులు సున్నా అని వస్తే మధ్యలో ఎవరో వేలు పెట్టారన్నమాట.

ఆ అంకెను ఎక్కడ దాచాలి? హిడెన్ ఫీల్డ్ వద్దు, డెవలపర్ టూల్స్ తెలిసిన ఎవరైనా మార్చేస్తారు. సెషన్ కూడా వద్దు. యూజర్ రెండు ట్యాబుల్లో రెండు బిల్లులు తెరిస్తే, రెండో ట్యాబు మొదటిదాన్ని తుడిచేస్తుంది. ఒక బిల్లుకి చెప్పిన "సరే" ఇంకో బిల్లుకి అంటుకుంటుంది. వ్యూస్టేట్ పేజీతోనే ప్రయాణిస్తుంది, ఎవరైనా మారిస్తే పట్టుకునే మ్యాక్ తనిఖీ ఉంటుంది. ఇక్కడ దానికి మించింది లేదు. వ్యూస్టేట్‌ను తిట్టడం ఫ్యాషనే గానీ, ఇలాంటి చిన్న విలువకి అదే సరైన చోటు.

డైలాగ్‌కి ఏం వాడాలి? నా ఓటు బ్రౌజర్ సొంత డైలాగ్ ట్యాగ్‌కే. క్రోమ్‌లో 2014 నుంచీ ఉంది. 2022 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 98, సఫారీ 15.4 వచ్చాక అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ నమ్మకంగా వాడొచ్చు. వెబ్ ఫార్మ్స్‌కి దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. పేజీ మొత్తానికీ ఒకే సర్వర్ ఫారం ఉంటుంది, పోస్ట్‌బ్యాక్ చేసే బటన్ ఆ ఫారం లోపలే ఉండాలి. జేక్వెరీ యూఐ లైబ్రరీలోని డైలాగ్ తన డివ్‌ను పెకలించుకుపోయి బాడీ చివర పెడుతుంది. అంటే బటన్ ఫారం బయటికి పోతుంది, నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఆ లైబ్రరీ 1.10 వెర్షన్ నుంచి వచ్చిన అపెండ్ టు ఆప్షన్‌తో ఫారం లోపలికి తెచ్చుకోవచ్చు. బ్రౌజర్ డైలాగ్‌లో షో మోడల్ పిలిస్తే ట్యాగ్ ఉన్నచోటే ఉండి, పైకి మాత్రం కనిపిస్తుంది. బటన్ మామూలుగా పోస్ట్‌బ్యాక్ చేస్తుంది. వెనక పేజీ క్లిక్కులకూ ట్యాబ్ కీకీ అందదు.

దీనికీ రెండు మెలికలు ఉన్నాయి. డైలాగ్ లోపల ఇంకో ఫారం ట్యాగ్ పెట్టి "మెథడ్ డైలాగ్" అని రాసే ఉదాహరణలు చాలాచోట్ల కనిపిస్తాయి. వెబ్ ఫార్మ్స్‌లో అది నడవదు. ఫారం లోపల ఫారం చెల్లదు, బ్రౌజర్ లోపలి ట్యాగును పారేస్తుంది. రెండోది, "వద్దు" బటన్‌ను మామూలు హెచ్‌టీఎంఎల్ బటన్‌గా రాస్తూ టైప్ బటన్ అని ఇవ్వడం మర్చిపోతారు. టైప్ ఇవ్వకపోతే అది సబ్మిట్ కిందే లెక్క, "వద్దు" అన్నా పేజీ సర్వర్‌కి వెళ్ళొస్తుంది.

అప్‌డేట్ ప్యానెల్ (పేజీలో ఒక భాగాన్నే కొత్తగా తెచ్చే కంట్రోల్) వాడుతుంటే డైలాగ్‌ను ప్యానెల్ లోపలే ఉంచండి. పోస్ట్‌బ్యాక్ తర్వాత ప్యానెల్ కొత్తగా వచ్చినప్పుడు తెరిచిన డైలాగ్ పోయి, మూసిన డైలాగ్ వస్తుంది, వెనక పేజీని కప్పే ముసుగు కూడా దాంతోనే పోతుంది. స్క్రిప్ట్‌ను మాత్రం పేజీ తాలూకు క్లయింట్ స్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌తో కాదు, స్క్రిప్ట్ మేనేజర్ తాలూకు రిజిస్టర్ స్టార్టప్ స్క్రిప్ట్‌తో పంపాలి. మొదటిది పార్షియల్ పోస్ట్‌బ్యాక్‌లో బ్రౌజర్ దాకా రాదు, ఎర్రర్ కూడా చూపించదు.

బూట్‌స్ట్రాప్ లైబ్రరీ మోడలే (దాని సొంత డైలాగే) వాడాలని రూలుంటే ఇక్కడే జాగ్రత్త. దాని బూడిదరంగు ముసుగు బాడీ కింద విడి డివ్. అప్‌డేట్ ప్యానెల్ మోడల్‌ను మార్చేస్తే మోడల్ పోతుంది, ముసుగు మిగులుతుంది, పేజీ గడ్డకట్టినట్టు ఉంటుంది. మోడల్ చట్రాన్ని ప్యానెల్ బయట (ఫారం లోపలే) పెట్టి, మెసేజ్ లేబుల్‌కి మాత్రం లోపల చిన్న అప్‌డేట్ ప్యానెల్ పెట్టి, పని అయ్యాక సర్వర్ నుంచి హైడ్ స్క్రిప్ట్ పంపండి. అజాక్స్ కంట్రోల్ టూల్‌కిట్‌లోని మోడల్ పాపప్ ఎక్స్‌టెండర్ పాత ప్రాజెక్టుల్లో ఉంటే తీసేయనక్కర్లేదు, బాగానే పనిచేస్తుంది. టార్గెట్ కంట్రోల్‌గా ఒక ఉత్తుత్తి బటన్ ఇచ్చి, దాన్ని విజిబుల్ ఫాల్స్‌తో కాకుండా డిస్‌ప్లే నన్ స్టైల్‌తో దాచండి. విజిబుల్ ఫాల్స్ అంటే అసలు పేజీలోకే రాదు. "సేవ్ చెయ్" బటన్‌ను ఓకే కంట్రోల్ ఐడీకి ఇవ్వకండి. ఇస్తే పాపప్ మూసుకుంటుందే తప్ప పోస్ట్‌బ్యాక్ జరగదు.

డైలాగ్‌లోని సేవ్ బటన్‌కి కాజెస్ వాలిడేషన్ ఫాల్స్ పెడితే సర్వర్‌లో పేజ్ వాలిడేట్‌ను మీరే పిలవాలి. పిలవకుండా ఈజ్ వాలిడ్ చదివితే ఎక్సెప్షన్.

మెసేజ్‌ను స్క్రిప్ట్‌లో అతికించి పంపేటట్టయితే హెచ్‌టీటీపీ యుటిలిటీలోని జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ ఎన్‌కోడ్ గుండా పంపండి. కస్టమర్ పేరు డి'సౌజా అని ఉంటే ఆ ఒక్క కోట్ దగ్గర స్క్రిప్ట్ విరిగిపోతుంది, డైలాగ్ ఆ కస్టమర్‌కి మాత్రమే రాదు. లేబుల్‌లో పెడితే హెచ్‌టీఎంఎల్ ఎన్‌కోడ్ చేయాలి, లేబుల్ తనంతట తను చేయదు.

ఇంకొన్ని, రెండు రిక్వెస్టులు కాబట్టి వచ్చేవి. పేజీలో ఫైల్ అప్‌లోడ్ ఉంటే, మొదటి పోస్ట్‌బ్యాక్ తర్వాత ఎంచుకున్న ఫైల్ పోతుంది. బ్రౌజర్ దాన్ని తిరిగి నింపదు, నింపనివ్వదు. మొదటి రిక్వెస్ట్‌లోనే ఫైల్‌ను తాత్కాలిక ఫోల్డర్‌లో గైడ్ (ఇంకెక్కడా రాని ఐడీ) పేరుతో పెట్టి, ఆ గైడ్‌ను వ్యూస్టేట్‌లో మోయండి. "వద్దు" అన్నవాళ్ళ ఫైళ్ళు అక్కడే పడి ఉంటాయి కాబట్టి ఊడ్చే ఏర్పాటు కూడా చూసుకోండి. పాస్‌వర్డ్ టెక్స్ట్‌బాక్స్‌దీ ఇదే గతి, పోస్ట్‌బ్యాక్ తర్వాత ఖాళీగా వస్తుంది. పాస్‌వర్డ్‌ను మాత్రం వ్యూస్టేట్‌లో పెట్టకండి. డైలాగ్‌లోనే మళ్ళీ అడగండి.

రెండుసార్లు నొక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. క్లిక్‌లోనే బటన్‌ను డిసేబుల్ చేస్తే సబ్మిట్ ఆగిపోవచ్చు. ఆగకపోయినా డిసేబుల్ అయిన బటన్ పేరు సర్వర్‌కి వెళ్ళదు, క్లిక్ ఈవెంట్ లేవదు. సెట్ టైమవుట్‌లో సున్నా ఇచ్చి, సబ్మిట్ బయల్దేరాక డిసేబుల్ చేయండి. అయినా దాన్నే నమ్ముకోకండి. పేజీ మొదటిసారి తెరిచినప్పుడు ఒక గైడ్ పుట్టించి వ్యూస్టేట్‌లో ఉంచి, ఇన్వాయిస్ టేబుల్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ వేస్తే రెండో ఇన్సర్ట్‌ను డేటాబేసే తోసేస్తుంది.

బటన్ల మీద మాటల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తప్పు క్లిక్కులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. "ఈ ఆర్డర్ క్యాన్సిల్ చేయాలా?" అని అడిగి, కింద "ఓకే", "క్యాన్సిల్" అని పెడితే ఏది నొక్కాలో ఎవరికి తెలుస్తుంది? బ్రౌజర్ కన్ఫర్మ్‌లో ఆ మాటలు మార్చే వీలే లేదు. సొంత డైలాగ్ పెట్టుకోవడానికి అదొక్కటే చాలినంత కారణం. బటన్ మీద పని పేరే రాయండి: "ఆర్డర్ రద్దు చెయ్", "వద్దు, ఉంచు". ఆటో ఫోకస్ "వద్దు" మీద ఉండాలి. బిల్లులు కొట్టేవాళ్ళ చెయ్యి ఎంటర్ మీదే ఉంటుంది, డైలాగ్ లేచేలోపే అది నొక్కేసి ఉంటారు.

కామెంట్‌లో బ్లేజర్ (మైక్రోసాఫ్ట్ కొత్త వెబ్ ఫ్రేమ్‌వర్క్) గురించి, అందులోనైనా ఇలా మధ్యలో ఆగి అడగొచ్చా అని కూడా అడిగారు. బ్లేజర్ సర్వర్‌లో మీరు కోరుకున్నట్టే రాయొచ్చు. అక్కడ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య సిగ్నల్‌ఆర్ కనెక్షన్ తెరిచే ఉంటుంది. అవెయిట్ అని రాస్తే త్రెడ్ పట్టుకోకుండానే మెథడ్ ఆగి, జవాబు వచ్చాక కింది లైన్‌కి వెళ్తుంది. ఇన్వోక్ అసింక్‌తో బ్రౌజర్ కన్ఫర్మ్‌ను పిలిస్తే డీఫాల్ట్ గడువు ఒక్క నిమిషం. యూజర్ అంతకంటే ఎక్కువసేపు ఆలోచిస్తే టాస్క్ క్యాన్సిల్డ్ ఎక్సెప్షన్ వస్తుంది. టెస్టింగ్‌లో అందరం రెండు సెకన్లలో నొక్కేస్తాం కాబట్టి ఇది బయటపడదు. పిలిచేటప్పుడే పెద్ద టైమ్‌స్పాన్ ఇవ్వండి, లేదా టాస్క్ కంప్లీషన్ సోర్స్‌తో సొంత డైలాగ్ కాంపొనెంట్ రాసుకోండి. కాంపొనెంట్ డిస్పోజ్ అయ్యేటప్పుడు ఆ సోర్స్‌ను ఫాల్స్‌తో ముగించడం మర్చిపోకండి, లేకపోతే పేజీ వదిలి వెళ్ళిపోయినవాళ్ళ మెథడ్ ఆ అవెయిట్ దగ్గరే ఉండిపోతుంది. బాకీ మళ్ళీ లెక్కగట్టడం మాత్రం బ్లేజర్‌లోనూ తప్పదు, ఆ అవెయిట్ లైన్‌కి ముందు చదివిన అంకె దాని తర్వాత పాతదే.